కళాయి గిన్నెలు

పొద్దున్నే కోడలు అత్తగారి కళాయి గిన్నెలన్నీ తెచ్చి గుమ్మం బయట పడేసింది. నాలుగేళ్ల పాప కడుపునొప్పికీ నీరసానికీ కారణం రక్తంలో చేరిన సీసమని డాక్టరు నిన్ననే తేల్చాడు. పాత రంగులు, బొమ్మలు, కళాయి పూసిన గిన్నెలు ఉంటే చూసుకోమన్నాడు. ఇంట్లో ఉన్నవి గిన్నెలే. నిన్నటి నుంచి కోడలు అంటున్న నానా మాటలూ పెద్దావిడ పడుతూనే ఉంది.

గిన్నెల పని ముగించి, కోడలు భర్త కార్ఖానా బట్టలూ పాప గౌన్లూ ఒకే బకెట్లో నానబెట్టబోయింది. నాన్న చొక్కా లాక్కుని పాప నెత్తిన కప్పుకుంది.

"ముట్టుకోకు! వదులు!" భర్త గావుకేక పెట్టాడు.

ఏనాడూ కూతుర్ని గసరని మనిషి. పాప బిక్కచచ్చిపోయింది.

"చొక్కాలో ఏముందండీ?" అంది భార్య.

"ఏం లేదు. దుమ్ము."

"ప్యాకింగ్‌లో అట్టపెట్టెలేగా! ఏం దుమ్ము?"

అతను పాప నెత్తిమీంచి చొక్కా లాగి దూరంగా విసిరాడు. "ప్యాకింగ్ వదిలేసి ఆరు నెలలైంది. పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించే చోటికి మారాను. బట్టలు అక్కడే విప్పి, స్నానం చేసి వెళ్లమన్నారు. బద్ధకించాను."

"మరి మీ ఇంట్లో సీసం పని చేసేవాళ్లున్నారా అని డాక్టరు అడిగితే లేరని ఎందుకన్నారు?"

"పని మానిపిస్తావని భయమేసింది."

ఆమె ఒళ్లు మండిపోయింది. "ఆరు నెలలు! ఈ చేతులతోనే మీ బట్టలు దులిపి, ఈ చేతులతోనే దానికి అన్నం పెట్టాను. నా బిడ్డకి నాచేతే విషం పెట్టించారు కదండీ!"

గోడవారగా కూర్చున్న పెద్దావిడ అప్పుడు నోరు విప్పింది. "నేనే విషం పెట్టాననుకుని నిన్నటి నుంచి పసిదాన్ని ఎత్తుకోలేదురా. ఎదురుగా కూర్చుని చూశావు. ఒక్క మాట అనలేకపోయావా?"

అతను తలవంచుకుని ఏడ్చాడు. "ఇవాళే మానేస్తానమ్మా."

"అది తర్వాత. ముందు ఒంటిమీద నీళ్లు పోసుకు రండి. డాక్టరుకి ఈ సంగతి మీ నోటితోనే చెప్పాలి," అంది భార్య. గొంతులో కోపం ఇంకా తగ్గలేదు.

పాప చేతులు సబ్బుతో రుద్ది కడిగింది. తన చేతులూ కడుక్కుంది. పిల్లని తీసుకెళ్లి అత్తగారి ఒళ్లో కూర్చోబెట్టి, ఆవిడ మోకాళ్ల మీద తల ఆనించి భోరుమంది.

"నన్ను క్షమించండి అత్తయ్యా. ఇవాళ దానికి మీరే తినిపించండి."

పెద్దావిడ అన్నం కలిపి ముద్ద అందించింది. పాప నోరు తెరిచింది.