ఫణిశ్రీ పెట్టని సంతకం

"దీని మీద నేను సంతకం పెట్టనండి," అంది ఫణిశ్రీ, రిపోర్టు వెనక్కి జరుపుతూ.

మణిశంకర్‌కి ఏం అర్థం కాలేదు. రాజమండ్రిలోని ఆ గ్యాస్ కంపెనీ ఆఫీసులో ఇద్దరిదీ ఒకటే పని. మొగల్తూరు దగ్గర తవ్విన బావిలోకి పరికరాలు దింపి తీసిన లాగ్ గీతలు చదివి, ఇసుకరాతి పొరల్లో గ్యాసుందో నీళ్లున్నాయో తేల్చాలి. ఒకరు రాస్తే రెండోవారు సరిచూసి సంతకం పెట్టాలి. మూడింటికి మీటింగు.

అసలు బెంగ సంతకం గురించి కాదు. నిన్న సాయంత్రం వానలో, ఆఫీసు వరండాలో, గుండె చిక్కబట్టుకుని అడిగాడు. "సంబంధం మాట్లాడ్డానికి మా అత్తయ్యని మీ ఇంటికి పంపమంటారా?"

ఆమె నవ్వింది. గొడుగు విప్పుకుని వెళ్లిపోయింది. ఇవాళ మధ్యాహ్నం తన కేరేజీలోంచి పనసపొట్టు కూర వడ్డించింది. ఇప్పుడేమో సంతకం పెట్టనంటోంది. ఔననా, కాదనా? మూడు కిలోమీటర్ల లోతున ఏముందో చెప్పే మనిషికి, పాపం, ఎదుటి కుర్చీలో ఉన్న పిల్ల మనసు అంతు చిక్కలేదు.

"నిన్న అడిగినదానికి ఇదేనా జవాబు?" అన్నాడు నీరసంగా.

"ఆ సంగతి వేరు, ఈ సంగతి వేరండి. న్యూట్రాన్ గీత ఏ స్కేలు మీద వేశారు?"

"శాండ్‌స్టోన్..." అంటూ స్క్రీన్ వైపు చూసి ఆగిపోయాడు. అక్కడున్నది లైమ్‌స్టోన్, అంటే సున్నపురాయి స్కేలు. పాత బావి ఫైలు మీదే పని మొదలుపెట్టి, మార్చడం మర్చిపోయాడు.

న్యూట్రాన్, డెన్సిటీ గీతలు ఒకదాన్నొకటి దాటితే గ్యాసున్నట్టు లెక్క. సున్నపురాయి స్కేలు మీద ఇసుకరాతిని చూస్తే, ఉత్త నీళ్లున్నా దాటినట్టే కనిపిస్తాయి. నీళ్లకు గుర్తుగా రెసిస్టివిటీ తక్కువగా ఉన్నా, బంకమట్టి వల్లేమోలే అని తనే సర్దిచెప్పుకున్నాడు. స్కేలు మార్చేసరికి రెండు గీతలూ బుద్ధిగా కలిసిపోయాయి. గ్యాసు లేదు, అన్నీ నీళ్లే.

"పొద్దున రిపోర్టు ఇచ్చినప్పుడే చెప్పొచ్చుగా?"

"పక్కన మేనేజరు సూర్యప్రకాశం గారున్నారు. ఆయన ముందు ఎలా చెప్పమంటారు? మీరు కాకుండా వేరే ఎవరైనా అయితే మీటింగులోనే అడిగేసేదాన్ని."

ఆ మాట అతని బుర్రకెక్కడానికి కాస్త టైము పట్టింది. "అంటే..."

"అంటే ఏంటండీ, రిపోర్టు మార్చండి, సంతకం పెడతాను. ఆదివారం మా నాన్నగారు రామచంద్రపురంలో ఇంట్లోనే ఉంటారు. మీ అత్తయ్యగారిని అటు రమ్మనండి."

"మరి నిన్న ఏం చెప్పకుండా వెళ్లిపోయారేంటి?"

"ముందు ఇంట్లో అడగాలి కదండీ. అడిగాను."

మూడింటికి మణిశంకర్ లేచి నిలబడి, ఈ బావిలో నీళ్లు తప్ప ఏమీ లేవండీ అని మీటింగులో అందరికీ చెప్పాడు. సూర్యప్రకాశం గారు కళ్లజోడు తీసి అతన్ని ఎగాదిగా చూశారు.

"అది చెప్పడానికి అంత సంతోషమేంటయ్యా నీకు?"