పెదవి దాటిన పేరు

సైదాబాద్‌లో రెండో అంతస్తులో చిన్న ల్యాబ్. ఆదివారం మధ్యాహ్నం, బయట ముసురు. లోపల ఉప్పునీళ్లు, పచ్చిమాంసం కలిసిన వాసన.

మాదన్నపేటలో కొన్న మేక మోకాలి గుజ్జును కత్తితో చీల్చి, కీర్తిప్రియ తను తయారుచేసిన జిగురు జెల్‌తో అతికించింది. మనిషి నడిస్తే మోకాలి మీద బరువు పడినట్టే మిషను దాన్ని అదిమి వదులుతోంది. టక్... టక్... సాయంత్రం దాకా అతుకు ఊడకూడదు. పది నిమిషాలకోసారి ఉప్పునీళ్లు చల్లాలి. మరిచిపోతే గుజ్జు ఎండి రెండు నెలల పని మట్టిపాలు.

నీళ్లు చల్లే పని ల్యాబ్‌లో ఆయా నీలమ్మది. పోయిన వారం మరిచిపోయింది. అరవై ఆరేళ్లు. ఇంకోసారి మరిస్తే ఈ కొలువు ఉండదు.

నంబర్లు గుర్తుండక ముక్కలకు పేర్లు పెట్టుకుంటుంది.

"ఇయ్యాల్టి దానికేం పేరు పెట్టినవమ్మా?" అడిగింది కీర్తిప్రియ.

"సోమయ్య."

"మీ ఆయన పేరా! మేక మోకాలికా?"

"ఆయన గూడ కుట్టుమిషను తొక్కి తొక్కి మోకాళ్లు అరగదీసుకున్నోడే. గా పేరైతే మర్వను బిడ్డా."

కీర్తిప్రియ నవ్వుకుంటూ, తలుపు దగ్గరికేసి మలక్‌పేటకు వెళ్లింది.

నీలమ్మ మొగుడి పేరు పలకకూడదని పెరిగిన మనిషి. ఆయన బతికున్నన్నాళ్లూ ఆ పేరు ఆమె పెదవి దాటలేదు. ఇప్పుడు నీళ్లు చల్లినప్పుడల్లా "సోమయ్యా, తాగు" అని గోడ మీద తెల్ల సుద్దతో గీత గీస్తోంది.

నాలుగు గీతలయ్యాయి. వాన చప్పుడుకు కన్ను మూతపడింది.

ఉలిక్కిపడి లేచేసరికి గంటన్నర గడిచింది. మిషను దగ్గరికి ఉరికింది.

గుజ్జు తడిగా ఉంది. ఇప్పుడే చల్లినట్టు.

గోడ మీద నాలుగు తెల్ల గీతలు. వాటి పక్కన... తొమ్మిది నీలి గీతలు. బట్ట మీద దర్జీ గీసే సుద్ద.

"ఎవరు?" గొణిగింది.

టక్... టక్... మిషను చప్పుడు వెనకాలే ఇంకో చప్పుడు. బల్ల కింద నుంచి. కాలితో కుట్టుమిషను తొక్కినట్టు.

పారిపోతే కొలువు పోతుంది. వంగి చూసే ధైర్యం లేదు. సాయంత్రం దాకా నీళ్లు చల్లింది.

"అతుకు ఊడలే!" తిరిగొచ్చి చూసి ఎగిరి గంతేసింది కీర్తిప్రియ. "ఒక్కసారి గూడ మర్వలే, మస్తు చేసినవమ్మా! గీ నీలి సుద్ద ఏడ దొరికింది?"

నీలమ్మ చెంగుతో చేతులు తుడుచుకుని మెట్లు దిగింది.

ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుందామని చీర పైకెత్తింది.

కుడి మోకాలి మీద అడ్డంగా ఒక నీలి గీత. కత్తెర పెట్టే ముందు గీసినట్టు.