ఓడ కింద ఉన్నవాడు

క్లైడ్ నది ఒడ్డున ఆగిపోయిన ఆ సగం ఓడంటే ఊళ్లో పోలీసుకి కూడా హడలే. సముద్రాల మీద తేలే రాజభవనాలన్నీ పుట్టిన ఓడల యార్డు అది. కాలం తిరగబడి డబ్బు ఆగిపోయింది. ఇంకా పేరైనా పెట్టని ఆ ఓడ తుప్పు పడుతూ గట్టుమీదే ఉండిపోయింది. దాని అడుగున, రెండు రేకుల మధ్య, ఒక పనివాణ్ణి మరిచిపోయి మూసేశారట... వాడింకా లోపల్నుంచి కొడుతూనే ఉన్నాడట.

ముగ్గురు కాపలావాళ్లు పారిపోయాక ఆ పని రోరీకి దక్కింది. వాడసలే పిరికివాడు. ఇంట్లో నెలలు నిండిన భార్య ఎఫీ, పని పోయిన మామ ఫెర్గస్. వచ్చే జీతం ఇదొక్కటే.

"నువ్వూ పరిగెత్తావో, మళ్లీ గేటు తొక్కకు," అని మేస్త్రీ ముందే చెప్పాడు.

వారం రోజులు రోరీ ఓడ జోలికే పోలేదు. దూరంగా కొట్టంలో కూర్చుని, జామ్ రొట్టె నములుతూ, దేవుణ్ణి తలుచుకుంటూ తెల్లవార్చాడు. ఓడ లోపల మాత్రం... ఠంగ్... ఠంగ్...

"ఊరంతా నిద్ర చెడింది. ఇవాళ లోపలికెళ్లి చూస్తావా, పని మానేస్తావా?" అన్నాడు మేస్త్రీ.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. రోరీ లాంతరు పట్టుకుని ఓడలోకి దిగాడు.

అడుగున... ఎవరో వంగి ఉన్నారు.

"ఎ... ఎవరది?"

రోరీ ఇంకో అడుగు వేశాడు.

"దేవుడి మీద ఒట్టేసి చెప్పు, ఎవరు నువ్వు?"

ఠంగ్!

మనిషైతే పలకడూ? పారిపోదామనుకున్నాడు. ఎఫీ గుర్తొచ్చింది. కళ్లు మూసుకుని, చెయ్యి చాపి, ఆ వీపు ముట్టుకున్నాడు.

"ఓరి నీ దుంపతెగ!" దెయ్యం ఎగిరిపడింది. "ఇప్పటికి పైకొచ్చావా అల్లుడూ!"

మామ ఫెర్గస్! ముప్పయ్యేళ్లు ఓడలకి మేకులు దిగ్గొట్టి రెండు చెవులూ పోగొట్టుకున్న మనిషి. అతని ముందు, పుట్టబోయే బిడ్డకి ఇనప ఊయల. యార్డు ముక్కలతో చాటుగా ఇంటి సామాను చేసుకోవడం అక్కడి పనివాళ్లకి తాతలనాటి అలవాటు.

రోరీ తన పెదాలు మామకి కనపడేలా లాంతరు ఎత్తాడు. "మామా, ఊరంతా వినపడుతోంది!"

"నోర్ముయ్!" ఓడ అదిరేలా అరిచాడు ఫెర్గస్. "పిల్లి నడిచినట్టు కొడుతున్నా. నాకే వినపడట్లేదు!"

రోరీ నవ్వీ నవ్వీ కూలబడ్డాడు. వారం రోజుల భయం కళ్లనీళ్లుగా కారిపోయింది.

"నిన్ను పిరికివాడనుకున్నానురా," అన్నాడు మామ, సుత్తి సర్దుకుంటూ. "మంచి సాయం చేశావు."

"నేనేం చేశాను?"

"మేకు కొట్టేటప్పుడు అవతల ఒకడుండాలిగా. నేను కొట్టిన ప్రతి మేకుకీ ఈ రేకు కిందనుంచి మూడు దెబ్బలు... 'అయింది, తర్వాతది కానీ' అని. చెవులు పోతేనేం, అరచేతికి తెలుస్తుంది. నువ్వేగా?"

రోరీ కిందికి చూశాడు. ఆ రేకు కింద జాగా మూసేసి ఏడాది దాటింది.

పరిగెత్తితే పని పోతుంది. అందుకని రోరీ పరిగెత్తలేదు. ఊయల చంకన పెట్టుకుని, మామ చెయ్యి పట్టుకుని, నడిచాడు — చాలా చాలా వేగంగా.

వెనక... ఠంగ్... ఠంగ్... ఠంగ్...

మామకి ఎలాగూ వినపడదు.