నీడపలక

ఏడో తాపరెక్క మళ్ళీ మొండికేసింది. అణుకుంపటిలో మిగిలిన వేడిని శూన్యంలోకి వదిలేయడమే దాని పని. ఆ ఒక్క పనీ సక్రమంగా చేసి చావదు. మీట గదిలో తిలోత్తమ దాన్ని తిట్టుకుంటూ, మరమ్మతుకు బయటికెళ్ళిన ఏసోబును తెరమీద గమనిస్తోంది.

రోదసిలో తేలే ఆ ఓడకు ఆ కొసన కుంపటి, ఈ కొసన మనుషుల గదులు, నడుమ నీడపలక. పలక నీడలో ఉన్నంతసేపు కుంపటి కిరణాలు ఎవరి జోలికీ రావు. నీడ దాటినవాడి ఆయుష్షుకు మాత్రం ఎవరూ పూచీపడరు.

"బిగించీసేనక్కా," అన్నాడు ఏసోబు.

అంతలో రెక్క కీలు ఊడి అతన్ని అవతలికి నెట్టింది. నడుముకున్న తాడు తెగలేదు గానీ, మనిషి నీడ బయట వేలాడుతున్నాడు.

"కుంపటి ఆర్పెయ్," అంది తిలోత్తమ.

"ఆర్పినా కిరణాలు వెంటనే తగ్గవు. పైగా కుంపటి వేడిని మోసే లోహద్రవం గొట్టాల్లో గడ్డకట్టి అందరూ పోతారు," అంది ఓడను నడిపే యంత్రం, కావలి.

"అయితే మీట లాగి పలకను వాడివైపు వంచుతాను."

"వంచితే ఈ గదికి నీడ తప్పుతుంది. గదిలో ఒకరున్నారు. కుదరదు."

గది ఖాళీ అయితేనే మీట కదులుతుంది; గదిలో ఎవరో పట్టుకుంటేనే పలక వంగి ఉంటుంది. ఈ నియమం రాసిన మహానుభావుడు భూమ్మీద హాయిగా ఫ్యాను కింద పడుకుని ఉంటాడు.

తిలోత్తమకు భయమేసింది. వచ్చే ఓడలో ఇంటికి వెళ్ళాల్సిన మనిషి. కిరణాల మోతాదు కొలిచే బిళ్ళ ఆమె మెడలో ఉంది. కావలి మనుషుల్ని లెక్కపెట్టేది దాన్ని బట్టే. బిళ్ళను తెంచి నడవాలోకి విసిరి, తలుపు మూసేసింది.

"గది ఖాళీ," అని కావలి మీట తాళం తీసింది. ఆమె రెండు చేతులా లాగింది. నీడ జరిగి ఏసోబును కప్పింది.

"నీడ నామీదకొచ్చీసిందక్కా. మరి నీమీదో?"

"నా సంగతి నీకెందుకురా. తాడట్టుకుని రా."

అతను లోపలికొచ్చి తలుపు బిగించుకున్న చప్పుడు వినబడ్డాకే ఆమె మీట వదిలింది.

"గది ఖాళీ," అంది కావలి. ఎన్నడూ లేనిది, "ఎవరక్కడ?" అని అడిగింది.

తిలోత్తమ గోడకు ఆనుకుని వాంతి చేసుకుంటోంది.