అత్తయ్య మింగేసిన కబురు

ఆ ఉదయం కూడా అత్తయ్య రెండు గ్లాసుల కాఫీతో, రెండు నోళ్ళ కబుర్లతో హాల్లో అటూ ఇటూ తిరుగుతోంది. ఎడమ గదిలో కోడలు, కుడి గదిలో కొడుకు. ఇద్దరిదీ ఒకే చిన్న కంపెనీ, ఒకే చిప్పు. అందులో పదహారు బుల్లి యాంటెనాలకి, రెండు వరుసల్లో పదహారు ఫేజ్ షిఫ్టర్లు. ఒక్కో అలని కావలసినంత వెనక్కి లాగి, అన్నీ కలిసి ఒకే దిక్కుకి దూకేలా చేసే సర్క్యూట్లు అవి. సర్క్యూట్ ఆలోచన కోడలిది. దాన్ని సిలికాన్ మీద గీత గీతగా పరిచే పని కొడుకుది. అలలతో బతికే ఆ కొంపలో పదకొండు రోజులుగా అలక. ఆవిడ ఫేజు మారుస్తుంటే ఈయన ఫేసు మాడ్చుకుంటున్నాడు.

గొడవ జాగా గురించి. చిప్పు కింది అంచున కోడలు ఒక విడి షిఫ్టర్ పెట్టించింది. రేపు ఏదైనా పాడైతే దాన్ని కొలిచి తప్పెక్కడో పట్టుకోవచ్చని. "నీ సర్క్యూట్ మీద నీకే నమ్మకం లేదా?" అని మీటింగులో అందరి ముందూ అనేశాడు కొడుకు. అంతే, మాట బంద్.

కిందటి చిప్పు ఫ్యాక్టరీ నుంచి చచ్చే తిరిగొచ్చింది. ఇదీ చస్తే కంపెనీ మూత, ఇద్దరి ఉద్యోగాలూ ఒకేసారి గోవిందా. ఫైలు పదకొండింటికి ఫ్యాక్టరీకి వెళ్ళాలి. గడియారంలో తొమ్మిది దాటింది.

"అత్తయ్యా!" కోడలి కేకకి కాఫీ తొణికింది. "రెండు వరుసల మధ్య గోడేది? మీ అబ్బాయిని అడగండి!"

జవాబు కుడి గదిలోంచి తనే నడిచొచ్చింది. "జాగా చాలక తీసేశాను. అలలు కారతాయేమో చూసుకోమని వారం కిందటే చెప్పించానుగా?"

"నాకెవరూ చెప్పలేదని చెప్పండి!"

"అమ్మా, చెప్పలేదూ?"

ఆ గోడ ఒట్టి లోహపు కంచె. తీసేసినా తీగేదీ తెగదు కాబట్టి తనిఖీ ప్రోగ్రాము కూడా పట్టుకోలేదు. కోడలు లెక్కలన్నీ గోడ ఉన్న పాత బొమ్మ మీదే వేసింది. గోడ లేకపోతే పై వరుస అల కింది వరుసలోకి కారి, ఎంత తిప్పినా దిక్కు కుదరదు. ఇంట్లో గోడ లేచింది, చిప్పులో గోడ కూలింది.

అత్తయ్య కూలబడింది. "నాదేరా పాపం. 'గోడ తీశాను, ఆ మహాతల్లికి కళ్ళుంటే చూసుకోమను, లేకపోతే కిందటిసారిలా ముంచుతుంది' అన్నావు. ఆ మాట దాని చెవిన పడితే మళ్ళీ కలవరనుకున్నా. తిట్టు ఏరేసి పని మాట చెప్పడం నాకు చేతకాలేదు. మొత్తం మింగేసి, 'కాఫీ బాగుందన్నాడమ్మా' అన్నా."

"కాఫీ గురించి నేనెప్పుడన్నాను?"

"అనలేదురా. నాకు తెలుసు."

కోడలు కీబోర్డు పక్కకి తోసింది. "ఆ ఒక్క మాట పట్టుకునే అత్తయ్యా, ఈ వారం నెట్టుకొచ్చాను."

కొడుకు నేల చూస్తూ తన కుర్చీలోకి వెళ్ళిపోయాడు. కోడలు లేచి, పదకొండు రోజుల తర్వాత కుడి గది గడప దాటింది.

"జరగండి. నా విడి షిఫ్టర్ తీసేస్తున్నా. కింది వరుస దించండి, గోడకి చోటు దొరుకుతుంది."

"తీసేస్తే, రేపు ఇది చచ్చినా తప్పెవరిదో తెలీదు."

"మీకు కావలసింది అదేగా?"

అతను కుర్చీ పక్కకి జరిపాడు. "అదే. కిందటి చిప్పు చచ్చింది నా గీతల వల్లేనేమో అని భయం. దీన్ని కొలిస్తే నీ సర్క్యూట్ మంచిదని తేలిపోతుంది. అప్పుడు మిగిలేది నేనే."

కోడలు అతని వంక చూసి, మౌస్ లాక్కుని, తన షిఫ్టర్ని తనే చెరిపేసింది. "ఇక చస్తే ఇద్దరం చద్దాం. కానివ్వండి."

గుమ్మంలో నిలబడ్డ అత్తయ్యకి ఆ తర్వాత వినిపించినవన్నీ తిట్లే. "అంత దించకండి, కళ్ళు కనబడట్లా?" "కనబడితే నిన్ను కట్టుకుంటానా?" మధ్యలో ఎవరూ మోయక్కర్లేని తిట్లు. ఆవిడ కాఫీ గ్లాసులు వాళ్ళ బల్ల మీద పెట్టి, కొంగు కళ్ళకద్దుకుంది.

పదకొండుకి మూడు నిమిషాలుండగా ఫైలు వెళ్ళింది. చిప్పు తయారై వచ్చి బతుకుతుందో లేదో మూడు నెలలు తెలీదు.

"అత్తయ్యా, ఆయన్ని..." అలవాటుగా మొదలెట్టి కోడలు ఆగింది. ఎప్పుడో చల్లారిన కాఫీ గ్లాసు అతని ముందుకి తోసింది.

అతను ఒక్క గుక్క తాగాడు.

"బాగుంది," అన్నాడు, ఆమె మొహంలోకి చూస్తూ.