ఒత్తు లేని పేరు

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన ఏడు, కార్తీకంలో, పాఠాలు చెప్పడం అలవాటు కావాలని నన్ను ఉదయగిరి కొండ కింద ఒక ఊరి బడికి పంపారు. నెల్లూరు ట్రైనింగ్ స్కూల్లో అది నాకు రెండో ఏడాది. అక్కడ చదివే ఆడపిల్లలందరం తలా ఒక ఊరికి పోయి, నెల రోజులు పాఠాలు చెప్పి, ఆ బడి హెడ్మాస్టరు చేత బాగుందనిపించుకుని రావాలి. ఆఖర్న మా పెద్ద టీచరమ్మ వచ్చి, వెనక కూర్చుని మోడల్ పాఠం వింటుంది. అది నచ్చితే సర్టిఫికెట్టు వస్తుంది. నచ్చకపోతే ఆత్మకూరు పక్కన మా పల్లెకి తిరిగొచ్చి మా అమ్మతో నాట్లకి పోవడమే. మా పల్లెలో అంత చదువు చదివిన ఆడపిల్లని నేనొక్కదాన్నే. ఆ సర్టిఫికెట్టు కోసం ఎవరి కాళ్లయినా పట్టుకుంటానని బస్సెక్కేటప్పుడు అనుకున్నాను. ఆ బడి హెడ్మాస్టరు రమణయ్య పంతుల్ని చూసేదాకా అదే అనుకున్నాను.

బడి చిన్నదే. సున్నం కొట్టిన గోడలు, పెంకుల కప్పు, ఒక్క గది. కిటికీ బయట, చూరు కింద, ఇసుక పోసి ఉండేది. ఊళ్లో పిల్లలు లోపల బల్లల మీద కూర్చునేవాళ్లు. చెరువు కింది పల్లె పిల్లలు ఆ ఇసుకలో కూర్చునేవాళ్లు. ఎండైనా అక్కడే, వానైనా అక్కడే. వాళ్లని ముట్టుకోకూడదు కదా. అందుకని రమణయ్య పంతులు కిటికీలోంచి పొడుగాటి కర్ర చాచి ఇసుకలో అక్షరం గీసేవాడు. దాని మీద వాళ్లు దిద్దుకోవాలి. గీత పక్కకి పోతే అదే కర్ర వేళ్ల మీద పడేది. అంటరానితనం పోయిందని ఢిల్లీలో రాసుకుని అప్పటికి మూడేళ్లు దాటింది. ఆ కాగితం ఉదయగిరి కొండదాకా ఇంకా నడిచి రాలేదు.

నా పేరు లిదియమ్మ అని చెప్పగానే పంతులికి నా కులం అడగాల్సిన అవసరం లేకపోయింది. గడప దగ్గరే ఆపాడు.

“బయటోళ్లని నువ్వు చూసుకో. లోపలికి రావాల్సిన పన్లేదు” అన్నాడు.

బయటే చూసుకున్నాను. మా ట్రైనింగులో మాకు నేర్పిందేమిటంటే, పసిబిడ్డ చూపుడు వేలు మన చేత్తో పట్టుకుని దిద్దించాలి, అక్షరం చేతికి ఎక్కేదాకా వదలకూడదు. మొదటి రోజు నేను వేలు పట్టుకోబోతే ఆ పిల్లలు చేతులు వెనక్కి లాక్కున్నారు. కొడతాననుకున్నారు. అలవాటు చేసేసరికి వారం పట్టింది. పంతులు కిటికీలోంచి చూసి నవ్వేవాడు. నాకు ఒళ్లు మండిపోయేది.

నేను దిగింది రెబెకమ్మత్త ఇంట్లో. ఆమె పల్లెల్లో తిరిగి బైబిలు చదివి వినిపించే మనిషి, మా అమ్మకి వరసకి వదిన. నాగులు సంగతి ఆమే చెప్పింది. చెరువులో చేపలు పట్టుకునే వాళ్ల బిడ్డ ఆ నాగులు. ఏడేళ్లుంటాయేమో. అంతకుముందు ఎండాకాలంలో ఒకరోజు, పంతులు పక్కకి పోయినప్పుడు, ఆ పిల్ల గదిలోకి పోయి నల్లబల్ల మీదున్న అక్షరం మీద వేలు పెట్టి దిద్దింది. చేసిన నేరం అంతే. పంతులు ఆ పిల్లని చూరు అవతల, ఎండలో, గోడ పక్కన నిలబెట్టాడు. మధ్యాహ్నం నీళ్లు అడిగిందట. కుండ కూడా మైల చేస్తావా అని కర్రతో అదిలించాడట. బడి వదిలాక తల్లి వచ్చి చూస్తే, పిల్ల గోడకానుకుని అలాగే నిలబడి ఉంది. ఒళ్లు పెనంలా కాలుతోంది. ప్రాణం మాత్రం లేదు. జ్వరమని పంతులు చెప్పాడు. జ్వరమని మునసబు రాశాడు.

 మర్నాడు ఆయన ముఖం చూసి నమస్కారం పెట్టాల్సి వచ్చింది. పెట్టాను. ఆయన బాగుందని అనాలి కదా, అనకపోతే నా చదువు మట్టి.

మోడల్ పాఠానికి ముందురోజు కూడా ముసురే. వారంగా వదలని ముసురు. మధ్యాహ్నానికే దీపాల వేళలా అయింది. బడి వదిలే ముందు పంతులు నన్ను కిటికీ దగ్గరికి పిలిచి, రేపు పల్లె పిల్లల్ని రావద్దని చెప్పమన్నాడు. పెద్ద టీచరమ్మ కంట్లో పడితే బాగుండదట. లోపలే కూర్చోబెడితే సరిపోతుంది కదా అన్నాను.

“సర్టిఫికెట్ కావాల్నా, వద్దా నీకు?” అన్నాడు.

 ఆయన గొడుగు తీసుకుని, పోయేముందు ఆ ఇసుక చదును చేసి పొమ్మన్నాడు. అక్కడ ఎవరూ కూర్చోరన్నట్టు ఉండాలట.

అందరూ పోయారు. చూరు కింద గొంతుక్కూర్చుని అరచేత్తో ఇసుక చదును చేస్తున్నాను. పసివేళ్లతో దిద్దిన అక్షరాలన్నీ నా చేత్తోనే చెరిపేస్తున్నాను. కోపానికి కళ్లలో నీళ్లు తిరిగాయి. పెంకుల మీంచి వాన ధార కడుతోంది. తడిసిన పేడ వాసన, బురద వాసన. చెరువు వైపు కప్పలు ఒకటే రొద.

ఆ కప్పలు ఎప్పుడు ఆగాయో నేను గమనించలేదు.

ముందు వాసన మారింది. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం దారి మీద దుమ్ము ఎలా వాసన వేస్తుందో అలా... పొడిగా, గొంతుకి అడ్డం పడేలా. తర్వాత అరచేతికి వేడి తగిలింది. తడి ఇసుక చల్లగా ఉండాలి. ఇది వెచ్చగా ఉంది. చెయ్యి ఇంకొంచెం ముందుకి జరిపాను. ఇంకా వేడి.

తలెత్తాను. ఇసుక చివర ఒక పిల్ల గొంతుక్కూర్చుని ఉంది. మసక వెలుతురులో ముఖం ఆనలేదు. వానకి ఆగిపోయిన చెరువు కింది పల్లె పిల్లే అనుకున్నాను.

“ఇంకా ఇంటికి పోలేదా మే?” అన్నాను.

 చూపుడు వేలు ముందుకు చాచింది.

నెలరోజుల అలవాటు. ఆలోచించలేదు. ఆ వేలు పట్టుకుని ఇసుకలో పెట్టి ‘ర’ దిద్దించాను. వేలు చురుక్కుమంది. పిల్లకి జ్వరమేమో అనుకున్నాను.

జ్వరం...

 అప్పుడు చూశాను. అంత వానలో ఆ పిల్ల జుట్టు పొడిగా ఉంది. గౌను పొడిగా ఉంది. పెదాలు తెల్లగా పగిలి ఉన్నాయి. కళ్లు నన్ను చూడటం లేదు, అక్షరాన్ని చూస్తున్నాయి.

చెయ్యి లాక్కోబోయాను. రాలేదు. ఆ పిల్ల నన్ను పట్టుకోలేదు, నేనే పట్టుకుని ఉన్నాను... నా వేళ్లు విడివడలేదు. ప్రార్థన చేద్దామంటే ఒక్క మాటా గుర్తు రాలేదు. గుర్తొచ్చింది పాఠమే. అక్షరాల తర్వాత పిల్లల పేరు రాయించాలి.

“నీ పేరు... రాద్దామా?” అన్నాను. 

తల అడ్డంగా ఊపింది.

“నా పేరొద్దు అయ్యోరమ్మా.” ఎండుటాకులు కదిలినంత చప్పుడు.

“మరి?”

కిటికీ వైపు చూసింది. లోపల చీకట్లో పంతులు కుర్చీ ఉంది.

“ఆయనది.”

నాకు భయం వేసింది.  కానీ ఆ భయం కింద నెల రోజులుగా మింగిందంతా ఉంది. పెట్టిన నమస్కారాలన్నీ ఉన్నాయి. ఇప్పుడే చెరిపిన అక్షరాలున్నాయి. అదంతా ఒక్కసారి పైకొచ్చింది. చెయ్యి లాక్కోవడం మానేశాను. వేలు గట్టిగా పట్టుకున్నాను.

ర. మ.

ణ దగ్గర తడబడింది. మళ్లీ దిద్దించాను. చర్మం కాలుతోంది. వదల్లేదు. మూడోసారికి సరిగ్గా వచ్చింది.

య.

ఆ పిల్ల ఊపిరి నా చెంపకి తగులుతోంది... వడగాలి. ఇక య కింద ఒత్తు ఒక్కటే మిగిలింది. వేలు కిందికి జరిపాను.

వెనక నుంచి లాంతరు వెలుతురు పడింది.

“ఎవురితో మాట్లాడతా ఉండావు?”

రమణయ్య పంతులు. ఇసుక చదును చేశానో లేదో చూడటానికి వచ్చినట్టున్నాడు. తిరిగి చూసేసరికి నా పక్కన ఎవరూ లేరు. నా వేళ్లు ఖాళీగా ముడుచుకుని ఉన్నాయి. ఆయన లాంతరు కిందికి దించి ఇసుకలో ఉన్నది చదువుకున్నాడు. “నా పేరు నేల మీద రాసి తొక్కిద్దామనుకున్నావా?” అని పళ్లు కొరికాడు. చెప్పు విడిచి కాలితో ఆ నాలుగు అక్షరాలూ తుడిచేశాడు.

తుడిచి కాలు ఎత్తేశాడు. గోడ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడ్డాడు. అరికాలు బొబ్బలెక్కింది.

“ఏం పోసినావే ఇక్కడ?” అన్నాడు. 

 నా వేళ్ల బొబ్బలు కొంగులో దాచుకుని వానలోకి దిగి నడిచాను.

మర్నాడు మోడల్ పాఠం జరగలేదు. నాకు అణకువ లేదని, బడిలో చేతబడి రాతలు రాస్తానని ఆయన పెద్ద టీచరమ్మకి చెప్పాడు. ఆమె నా మాట అడగను కూడా అడగలేదు. తను వచ్చిన బస్సులోనే నన్ను నెల్లూరు తీసుకుపోయింది. నాకు ఏడాది పోయింది.

తర్వాత జరిగింది రెబెకమ్మత్త నెల్లూరు వచ్చినప్పుడు చెప్పింది. నేను పోయిన మర్నాడు పొద్దున పంతులు భార్య పొయ్యిలో బూడిద తీయబోతే బూడిద మీద పేరు రాసి ఉంది. చిన్నపిల్ల రాత. ఎవరో ఆకతాయిలనుకున్నారు. తర్వాత పిండి చాటలో కనబడింది. తర్వాత అలికిన నేల మీద, ఆయన పడుకునే మంచం కింద. తుడిచినకొద్దీ వస్తోంది. ముట్టుకున్న చెయ్యల్లా కాలుతోంది. ఎక్కడ చూసినా ‘రమణయ’ అనే ఉంది, య కింద ఒత్తు లేదు. ఆయన వింజమూరులో అక్కగారింటికి పారిపోయాడు. అక్కడ వడ్డించిన అన్నం మీద కనబడిందట. కంచం వదిలేసి లేచి తిరిగొచ్చేశాడు.

వచ్చిన సాయంత్రమే, ముసురులో, ఎవరు పిలిచినా పలక్కుండా బడికి పోయాడు. పొద్దున పిల్లలు చూశారు. చూరు అవతల, గోడకానుకుని నిలబడి ఉన్నాడు, ప్రాణం లేదు. రాత్రంతా కురిసిన వానకి బట్టలు నీళ్లు కారుతున్నాయి. ముఖం కమిలి నల్లబడి ఉంది. పెదాలు పగిలి ఉన్నాయి. ఒంటి మీద పడ్డ చినుకులు ఆవిరై లేస్తున్నాయట. ఉదయగిరి నుంచి వచ్చిన డాక్టరు చాలాసేపు చూసి, వడదెబ్బ అని చెప్పి, వాన వంక చూసి వెళ్లిపోయాడట.

నాకు జాలి కలగలేదు. ఇప్పటికీ కలగదు. తప్పు చేశానని ఎవరి ముందూ తల వంచను. ఒక పిల్ల అక్షరం అడిగింది, నేర్పాను. నా పని అది.

మరుసటి ఏడు ఇంకో ఊళ్లో మోడల్ పాఠం చెప్పి సర్టిఫికెట్టు తీసుకున్నాను. ఇప్పుడు చేజర్ల దగ్గర ఒక బడిలో పని చేస్తున్నాను. మా బడిలో అందరూ ఒకే గదిలో, ఒకే చాప మీద కూర్చుంటారు. మొదట్లో ఇద్దరు పెద్దమనుషులు గొడవకి వచ్చారు. కోపం ఆపుకోలేదు నేను, వాళ్లే వెనక్కి పోయారు. చూరు కింద ఒక్క పిల్లని కూడా కూర్చోనివ్వను. అక్కడ ఇసుకే లేదు, ఉత్త నేల.

ఈ ఏడు కూడా ముసురు పట్టింది. ఈరోజు పొద్దున తాళం తీయడానికి వస్తే, చూరు కింద ఇసుక ఉంది. చుట్టూ నీళ్లు పారుతున్నాయి. ఇసుక పొడిగా ఉంది. చెయ్యి దగ్గరికి పెడితే వేడి తగిలింది. అందులో చిన్నపిల్ల రాతతో పేరు రాసి ఉంది.

లిదియ.

నా పేరు. ఇంకా పూర్తి కాలేదు. రెండడుగులు వెనక్కి వేశాను. తర్వాత ధైర్యం తెచ్చుకున్నాను. టీచరు మీద ప్రేమ ఉంటే టీచరు పేరు రాయని పిల్లలుంటారా? నన్నేం చేస్తుంది, నేనేం చేశానని? 

కానీ ఆ పిల్లకి నేను నేర్పింది నాలుగు అక్షరాలే. గుణింతం నేర్పలేదు. ల కి గుడి, ద కి గుడి ఎవరు నేర్పారు? నేను కాక ఆ పిల్ల ఎరిగిన పంతులు ఒక్కడే.

వంగి దగ్గరగా చూశాను. పిల్లలు తమంతట తాము రాస్తే ఇసుకలో ఒకటే గీత, సన్నగా పడుతుంది. పెద్దవాళ్లు వేలు పట్టుకుని రాయిస్తే, వాళ్ల గోరు కూడా ఆని, పక్కనే ఇంకో గీత పడుతుంది. రోజూ చూసే పనే, పొరబడను.

మూడు అక్షరాలకీ పక్కన ఆ రెండో గీత ఉంది.