పేరు తప్పిన రక్తం

ఆ రక్తం ఎవరిదో ఎవరికీ తెలియదు.

ఉదయం ఏడున్నరకు దిల్‌సుఖ్‌నగర్‌లో, సిద్దిరాములు ఇంట్లో తీశారు. ట్యూబు మీద అతని పేరే ఉంది. కానీ రక్తం అతనిది కాదు.

ఆ మాట రక్తవ్యాధుల డాక్టర్, హెమటాలజిస్ట్ గంగాధరరావుది. సిద్దిరాములు రక్తంలో నాలుగేళ్లుగా ఒక అక్కర్లేని ప్రోటీన్ ఉంది. నొప్పి లేదు, జ్వరం లేదు. ఆరునెలలకోసారి పరీక్ష చేసి కనిపెట్టుకుని ఉండటమే వైద్యం. ఈసారి ట్యూబులో దొరికింది వేరే రకం ప్రోటీన్. పైగా చాలా ఎక్కువ, క్యాన్సర్ కావచ్చన్నంత.

"రకం మారదండీ. ఇది ఇంకొకరిది. ఆ మనిషికి ఏ బాధా తెలియదు, అందుకే తనంతట తను రాడు. మీరే వెతికి పట్టుకోవాలి" అన్నాడాయన డిటెక్టివ్ శ్రీకళతో.

శ్రీకళ ఒకప్పుడు క్రైమ్ బ్రాంచ్‌లో హంతకుల్ని వెతికింది. ఏ తప్పూ చేయనివాణ్ణి, చెడు కబురు చెప్పడానికి వెతకడం ఇదే మొదటిసారి. ఆమెకు ఏమీ అనిపించలేదు. అనిపించనందుకే చిరాకేసింది.

ఎల్బీనగర్ ల్యాబ్‌లో సీసీ ఫుటేజ్ అంతా చూసింది. ట్యూబులు తారుమారు కాలేదు. ఇక మిగిలింది ఇంటికెళ్లి శాంపిల్ తీసిన అలేఖ్య. కొత్తగా చేరిన పిల్ల, పాపం, ఏడ్చి ఏడ్చి అలసిపోయింది. పేరు అడిగానని, సిద్దిరాములనే చెప్పాడని, ఆయన ఎదుటే బార్‌కోడ్ అంటించానని చెప్పిందే చెప్పింది.

"ఇంకేమన్నా మాట్లాడాడా?"

"గింత నెత్తురు తీస్తరా అని పరేషాన్ అయిండు మేడం. గంతే."

శ్రీకళ లేచింది. డాక్టర్‌నీ అలేఖ్యనూ వెంటబెట్టుకుని సిద్దిరాములు టెంట్‌హౌస్‌కు వెళ్లింది. అతను, తమ్ముడు ఎల్లయ్య షామియానా మడతపెడుతున్నారు. అలేఖ్య వేలు ఎల్లయ్య వైపు తిరిగింది.

"నాలుగేళ్లుగా రక్తం ఇస్తున్నవాడు ఇంత తీస్తారా అని అడగడు" అంది శ్రీకళ. "అడిగాడంటే కొత్తవాడు."

సిద్దిరాములు నవ్వేశాడు. "పెద్ద అంబర్‌పేట్‌ల పెండ్లి పని ఉండె మేడం. పరీక్ష తప్పితే మా ఇంటామె యాదలక్ష్మి ఊకోదు. అందుకే తమ్మున్ని కూసోబెట్టిన. ఒక్క తల్లి కడుపున పుట్టినోళ్లం. రోగమున్న నాకే ఏం కాలే, వానికేమైతది అనుకున్న."

డాక్టర్ మెల్లగా విషయం చెప్పాడు. సిద్దిరాములు నవ్వు ఆగిపోయింది.

ఎల్లయ్య చేతిలోని బట్టను ఇంకో మడత వేశాడు. అడిగింది మాత్రం డాక్టర్‌ని కాదు, అన్ననే.

"నీకు గూడ ఇట్లనే ఏం తెలుస్తలేదా, అన్నా?"

"ఏం తెల్వదురా" అన్నాడు సిద్దిరాములు. "రేపు ఇద్దరం పోదాం. నాది నేనిస్త."